పిల్లల పళ్ళకు లాలాజలమే కాపలా

పిల్లల పళ్ళు పుచ్చాయనగానే మనం చాక్లెట్లను తిట్టుకుంటాం. ఎంత తీపి తిన్నారన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదీ చూడాలి. ఎందుకో లాలాజలం చేసే పని తెలిస్తే అర్థమవుతుంది.

తీపిగానీ, బిస్కెట్ల వంటి పిండిపదార్థంగానీ నోట్లో పడితే పళ్ళకు పట్టిన పాచిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. కొద్ది నిమిషాల్లోనే అక్కడి పీహెచ్ పడిపోతుంది. అది సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ తీపిని కడిగేస్తుంది, తనలోని బైకార్బొనేట్‌తో ఆమ్లాన్ని విరిచేస్తుంది, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి అందిస్తుంది. పీహెచ్ మామూలుకు రావడానికే అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా మళ్ళీ జ్యూస్, మళ్ళీ బిస్కెట్ ఇస్తే ఆ మరమ్మతు ఎప్పటికీ పూర్తి కాదు.

నిద్రలో లాలాజలం ఊరడం దాదాపు ఆగిపోతుంది. అందుకే పాలసీసా నోట్లో పెట్టుకుని పడుకునే పిల్లలకు ప్రమాదం ఎక్కువ. ముందు పుచ్చేవి పై ముందుపళ్ళు. కింది ముందుపళ్ళను నాలుకా, దాని కింద ఊరే లాలాజలమూ కాపాడతాయి. చిగురు అంచున సుద్దరంగు గీత కనిపిస్తే అదే మొదటి హెచ్చరిక. ఆ దశలో పంటిని ఇంకా కాపాడుకోవచ్చు. కొన్ని అలర్జీ మందులు నోరు ఎండబెడతాయి; అవి వాడే పిల్లలకు మంచినీళ్ళు తరచూ తాగించాలి.

మరి పేస్టులోని ఫ్లోరైడ్ మాటేమిటి? నల్లగొండ ఫ్లోరోసిస్ బాధితులను చూసిన మనవాళ్ళకు ఫ్లోరైడ్ అంటే భయం ఉండటం సహజం. అక్కడ భూగర్భజలాల్లో అది హద్దు మీరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అమెరికాలో నీటిలో కలిపేందుకు సూచించిన మోతాదు 0.7 మాత్రమే. తగుమాత్రంగా ఉంటే లాలాజలం చేసే మరమ్మతుకు ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకూ బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు.

“పాలపళ్ళేగా, ఎలాగూ ఊడిపోతాయి” అనకండి. పాల దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా నమలడానికి కావాలి, వచ్చే పళ్ళకు చోటు కాపాడాలి. తినడానికి వేళలు పెట్టండి. మధ్యలో దాహమేస్తే మంచినీళ్ళే ఇవ్వండి. రాత్రి పళ్ళు తోమాక ఇంకేమీ పెట్టకండి. మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మకూ నానమ్మకూ ఈ సంగతి చెప్పండి. మొదటి పుట్టినరోజు లోపే బిడ్డను డెంటిస్టుకు చూపించండి.