చెవిలో పాట, గదిలో పాఠం

హిందూపురంలో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకోండి. మధ్యాహ్నం భోజనాల తరువాత మొదటి పీరియడు. మాస్టారు నల్లబల్ల మీద ఓమ్ నియమం రాస్తున్నారు. చివరి బెంచీలో ఒక కుర్రవాడు అరచేతిని చెవికి ఆనించుకుని, ఎంతో శ్రద్ధగా వింటున్నట్టు కూర్చున్నాడు. అసలు సంగతి వేరు. వాడి చొక్కా చేతిలోంచి ఒక సన్నని తీగ అరచేతిదాకా వచ్చింది. దాని చివర ఇయర్‌ఫోన్ ఉంది. చెవిలో సినిమా పాట సాగుతోంది!

ఈ కొంటెతనం కొత్తదేమీ కాదు. 1954లో జేబులో పట్టే ట్రాన్సిస్టర్ రేడియో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1979లో జపానుకు చెందిన సోనీ కంపెనీ వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ యంత్రాన్ని విడుదల చేసింది. ఇప్పుడు తీగ కూడా అక్కరలేని ఇయర్‌ఫోన్లు వచ్చాయి. సాధనం మారింది కాని చివరి బెంచీ మారలేదు.

మాస్టారికి దొరికిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. దొరకకపోతే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి తెలుసుకున్నారు. అదేమిటో చూద్దాం.

పక్కవాడికి ఎందుకు వినబడదు?

మామూలు ఇయర్‌ఫోన్‌లో మూడు ముఖ్యమైన భాగాలుంటాయి. ఒక చిన్న అయస్కాంతం, సన్నని తీగచుట్ట, దానికి అతికించిన పలుచని పొర. పాటకు అనుగుణంగా మారే విద్యుత్తు తీగచుట్టలో ప్రవహించినప్పుడు అది కూడా అయస్కాంతంలా పనిచేసి, ముందుకూ వెనక్కూ కదులుతుంది. దానితోపాటు పొర కదిలి గాలిలో అలలు పుట్టిస్తుంది. ఆ అలలే మనకు పాటగా వినిపిస్తాయి.

పెద్దవారి చెవి కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లే. అంత ఇరుకు చోట గాలిని కదిలించడానికి కొద్దిపాటి శక్తి చాలు. బయటికి వచ్చిన ధ్వని మాత్రం నలువైపులా పరుచుకుంటూ బలహీనపడుతుంది. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతవుతుంది. మూడింతలైతే తొమ్మిదో వంతు. ఈ లెక్కన 1 సెం.మీ. దూరంలో ఉన్న తీవ్రతతో పోలిస్తే, 60 సెం.మీ. దూరంలో కూర్చున్న పక్కవాడి దగ్గర సుమారు 3,600వ వంతే ఉంటుంది. ఆ కాస్త ధ్వనినీ ఫ్యాను చప్పుడు మింగేస్తుంది.

మరి దొంగ ఎలా దొరుకుతాడు?

ఇందుకు జవాబు ధర్మవరంలో ఉంది. పట్టుచీరలకు పేరుపొందిన ఆ ఊళ్లో, మగ్గాలు ఆడుతున్న ఇంటికి మీరెప్పుడైనా వెళ్లారా? ఆ చప్పుడులో మాట్లాడేవారు తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. ఈ సంగతిని 1911లో ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. మన గొంతు ఎంత పెద్దగా ఉందో మన చెవి మనకు చెబుతూ ఉంటుంది. చెవిలో వేరే శబ్దం నిండితే గొంతు దానంతటదే పెరుగుతుంది. అందుకే పక్కవాడు గుసగుసగా “ఏ పేజీరా?” అని అడిగితే, మన కుర్రవాడు గదంతా మారుమోగేలా “నలభై రెండురా!” అంటాడు. చూశారా! దొంగను పట్టించింది వాడి గొంతే.

చెవులు రెండు, శ్రద్ధ ఒక్కటి

“ఒక చెవితో పాట, మరో చెవితో పాఠం వింటాను, నాకేం నష్టం?” అని మీరు అనవచ్చు. 1953లో కోలిన్ చెర్రీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగాలు సరిగ్గా దీని గురించే. ఆయన కొందరికి రెండు చెవుల్లోనూ వేరువేరు మాటలు వినిపించాడు. ఒక చెవిలో విన్నదాన్ని వెంటవెంటనే పైకి చెప్పమన్నాడు. వారు ఆ పని చక్కగా చేశారు. కాని రెండో చెవిలో ఏం విన్నారని అడిగితే చెప్పలేకపోయారు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే గుర్తించారు గాని, ఇంగ్లీషు మాటలు మధ్యలో జర్మన్‌లోకి మారిన సంగతి కూడా గమనించలేదు!

1959లో నెవిల్ మోరే అనే శాస్త్రజ్ఞుడు మరో విశేషం చూపించాడు. శ్రద్ధ పెట్టని చెవిలో ఎవరి పేరు వారికి వినిపిస్తే, సుమారు మూడో వంతు మంది దాన్ని పసిగట్టారు. కాబట్టి మాస్టారు పేరు పెట్టి పిలిస్తే మన కుర్రవాడు ఉలిక్కిపడి లేవవచ్చు. అంతకుముందు అడిగిన ప్రశ్న ఏమిటో మాత్రం తెలియదు.

1989లో సలామే, బాడ్‌లీ అనే శాస్త్రజ్ఞులు మరొకటి కనుగొన్నారు. విషయాలను కొద్దిసేపు గుర్తుంచుకునే పనికి వాద్య సంగీతంకంటె మాటలున్న పాట ఎక్కువగా అడ్డుపడుతుంది. మాటలను క్షణకాలం నిలిపి ఉంచే చోటు మెదడులో చాలా ఇరుకు. పాటలోని మాటలు అక్కడ దూరితే పాఠంలోని మాటలకు చోటు ఉండదు.

ఇప్పుడు తరగతి గదికి తిరిగి వద్దాం. మాస్టారు ఇలా అన్నారు: “ఉష్ణోగ్రత మారనంతవరకు, వాహకంలో ప్రవహించే విద్యుత్తు దాని కొనల మధ్య పొటెన్షియల్ తేడాకు అనులోమానుపాతంలో ఉంటుంది.” సరిగ్గా మొదటి రెండు మాటల దగ్గర పల్లవి వచ్చింది. కుర్రవాడు మిగతాది విన్నాడు, రాసుకున్నాడు. పాఠం మొత్తం వచ్చిందనే అనుకున్నాడు. రేపు బల్బు తీగ వేడెక్కినకొద్దీ దాని నిరోధం ఎందుకు పెరిగిందో, లెక్క ఎందుకు తప్పిందో వాడికి అర్థం కాదు. అసలు ప్రమాదం ఇదే. పోయిందని తెలిస్తే అడిగి తెలుసుకోవచ్చు. పోయిన సంగతే తెలియకపోతే ఎవరిని అడుగుతాం?

మీరే చేసి చూడండి

ముగ్గురు మిత్రులు కలవండి. ఒకరు మధ్యలో కూర్చోండి. మిగతా ఇద్దరూ చెరో పక్కన నిలబడి, వేరువేరు పాఠాలను ఒకే గొంతుతో చదవండి. మధ్యవారు కుడివైపు విన్నదాన్ని వెంటనే పైకి చెప్పాలి. ఒక నిమిషం తరువాత ఎడమవైపు ఏం చదివారో అడగండి. ఎన్ని మాటలు చెప్పగలిగారో లెక్కపెట్టండి.

చెవిని కాపాడుకోండి

హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ మీదుగా ధర్మవరం వెళ్తున్నారనుకోండి. పట్టాల చప్పుడును మించి వినబడాలని పాట పెంచుతాం. దిగిన తరువాత తగ్గించడం మరిచిపోతాం. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి నశిస్తే మనిషిలో తిరిగి పుట్టవు. పిల్లలు వారానికి 40 గంటలు వినాలంటే ధ్వని 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. 78 అయితే 20 గంటలు, 81 అయితే 10 గంటలు. 84 అయితే ఎన్ని గంటలో మీరే చెప్పండి.

పాటలు వినవద్దని ఎవరూ అనరు. కాని మాస్టారి కంట పడకుండా బిక్కుబిక్కుమంటూ వింటే పాట కూడా సగమే దక్కుతుంది. పాటను సాయంత్రం ఇంటి దగ్గర మళ్లీ పెట్టుకోవచ్చు. “ఉష్ణోగ్రత మారనంతవరకు” అన్న మాట ఆ గదిలో ఆ రోజు ఒక్కసారే వినబడుతుంది.