వంటింటి నుంచే ఇంటి పొందిక

ఇంట్లోకి వచ్చే సామాను ఎక్కువై, బయటికి వెళ్లేది తక్కువైతే ఎన్ని బీరువాలు కొన్నా ఇల్లు ఇరుకుగానే ఉంటుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో, గుంటూరు–తెనాలి దారిలోని వడ్లమూడి మొదలుకొని బాపట్ల, రేపల్లె దాకా ఉన్న ఊళ్లలో పాతకాలపు ఇళ్లకు ఈ ఇబ్బంది అంతగా ఉండేది కాదు. అప్పట్లో వస్తువులు తక్కువన్నది ఒక కారణం. పంటల కాలం రెండో కారణం. ఏ సరుకు ఏ నెలలో ఇంటికి చేరాలో, ఏ నెలకు ఖాళీ కావాలో పొలమే చెప్పేది. ఇప్పుడు వడ్లమూడిలో విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉంది, సంగం డెయిరీ ఉంది, నెలజీతాల మీద నడిచే సంసారాలున్నాయి. ఫోనులో ఆర్డరు పెడితే ఏ సరుకైనా ఏ రోజైనా గుమ్మంలోకి వస్తుంది. వచ్చే రోజుకు లెక్క లేదు, వెళ్లే రోజుకు అసలే లేదు. ఇంటి పొందిక తిరిగి కుదరాలంటే ఆ లెక్కను వంటింటి నుంచి మొదలుపెట్టడం తేలిక. ఎక్కువ సరుకు వచ్చేదీ, రోజూ ఖర్చయ్యేదీ అక్కడే.

ఏడాది సరుకు

డెల్టాలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో సాగుతాయి. కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ చేలో మినుము, పెసర చల్లుతారు. నేలలో మిగిలిన తేమతోనే పెరిగి, ఆ పంట ఫిబ్రవరి, మార్చి నాటికి చేతికొస్తుంది. కందులు, చింతపండు దాదాపు అదే సమయంలో వస్తాయి. దుగ్గిరాల పసుపు యార్డు, గుంటూరు మిర్చి యార్డు కళకళలాడేదీ ఎండాకాలంలోనే. ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ కాయ దిగుతుంది. ఏడాదికి సరిపడా కొనే ఇళ్లలో ఈ నాలుగైదు నెలల్లోనే మిరపకాయలకు తొడిమలు తీసి కారం పట్టించడం, చింతపండుకు గింజ తీసి ఉప్పు కలిపి కుండకెత్తడం, వడియాలు పెట్టడం, పచ్చళ్లు కలపడం వరసగా జరుగుతాయి. జూన్‌లో తొలకరి పడేలోపు ఎండబెట్టాల్సినవన్నీ డబ్బాల్లోకి చేరాలి.

బియ్యం లెక్క వేరు. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, ఈ ప్రాంతపు ఇళ్లలోనే కాక దక్షిణాది అంతటా పేరుపడ్డ సన్న రకం. కొత్త బియ్యం వండితే అన్నం ముద్దవుతుంది. కనీసం ఆరు నెలలు మాగిన పాత బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది. అందుకే కొత్త బస్తా ఇంటికి రాగానే పాత బస్తాను ముందుకు జరిపి, కొత్తదాన్ని వెనక పెడతారు. పాతది ముందు, కొత్తది వెనక అన్న ఈ ఒక్క నియమం పప్పుల నుంచి బిస్కెట్ పొట్లాల దాకా వంటింట్లోని ప్రతి సరుకుకూ వర్తిస్తుంది. పెద్ద దుకాణాల గోదాముల్లో సరుకు తిప్పేదీ ఇలాగే.

చిన్న సంసారానికి ఏడాది సరుకంతా కొనడం అవసరం లేదు. ముగ్గురున్న ఇంట్లో పచ్చడి, కారం, పసుపు, చింతపండు మాత్రమే ఏడాదికి తీసుకుని, బియ్యం రెండు నెలలకు, పప్పులు నెలకు కొంటే సగం అలమర ఖాళీ అవుతుంది.

చెడకుండా ఉంచడం

నిల్వ చెడగొట్టేవి మూడు: తేమ, పురుగు, గాలి. ధాన్యంలో తేమ 14 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే ఎండబెట్టిన సరుకును వేడిమీదనే మూత పెట్టకుండా, చల్లారాక డబ్బాలోకి తీస్తారు. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. కందులకు, పెసలకు ఆముదం పట్టించే పాత పద్ధతికి గట్టి కారణమే ఉంది. పప్పుధాన్యాలను తొలిచే పురుగు గింజ పైపొర మీద గుడ్లు అంటిస్తుంది. నూనె పూత ఉంటే గుడ్డు సరిగా అంటుకోదు, అంటుకున్నా గాలి ఆడక చస్తుంది. బియ్యంలో ఎండు వేపాకు వేయడం, బొంబాయిరవ్వను దోరగా వేయించి దాచడం ఇదే కోవలోవి.

ఆవకాయ నిల్వ ఉండేది ఉప్పు, పులుపు, నూనెల వల్ల. ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. మూడో రోజు మూత తీసి చూస్తే ఆ ఊట పైకి తేలి ఉంటుంది. అప్పుడు పొడి తెడ్డుతో అడుగు నుంచి తిరగకలిపి, ఉప్పు చూసి, ముక్క మునిగేలా పప్పునూనె పోస్తారు. పైన తేలే నూనె గాలిని లోపలికి రానివ్వదు. జాడీకి వాసెన కట్టి, రోజువారీ వాడకానికి చిన్న సీసాలోకి తీసుకుంటారు. పెద్ద జాడీని తరచూ తెరిస్తే, తడి గరిటె ఒక్కసారి తగిలినా బూజు మొదలవుతుంది.

పోపుల డబ్బా నేర్పే పద్ధతి

తెలుగు వంటింట్లో సర్దుబాటుకు మంచి నమూనా పోపుల డబ్బా. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, పసుపు ఏడు గిన్నెల్లో ఉంటాయి. మూత తీయగానే అన్నీ కంటపడతాయి. ఒక్కో గిన్నెలో పట్టేది వారం, పది రోజుల వాడకమే. అసలు నిల్వ వేరే డబ్బాలో, పై అరలో ఉంటుంది. గిన్నె అడుగు కనబడితే నింపాలని, పై డబ్బా అడుగు కనబడితే కొనాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో ఉన్న సూత్రం ఇంటి మొత్తానికి పనికొస్తుంది. రోజూ వాడేది చేతికందే ఎత్తులో, కొద్ది మోతాదులో ఉండాలి. వారానికోసారి వాడేది పై అరలో, ఏడాదికోసారి వాడేది అటక మీద. సరుకు ఉన్న చోటు కంటికి కనబడాలి. రంగు ప్లాస్టిక్ డబ్బాల్లో, ముడివేసిన క్యారీబ్యాగుల్లో దాచినవి మరిచిపోయి మళ్లీ కొంటారు. వంటింటి అరలో ఒకే రకం జీలకర్ర పొట్లాలు మూడు దొరకడానికి కారణం ఇదే. స్టీలు డబ్బాలైతే మీద పేరు, కొన్న నెల రాసిన చీటీ అంటించాలి. గాజు సీసాలైతే ఆ పనీ ఉండదు.

వారం వంట

పప్పు, కూర, పచ్చడి, చారు లేదా పులుసు, పెరుగు అనే వరస ఇంటిల్లిపాదికీ తెలిసిందే. దాన్ని వారానికి పరిచితే కొనాల్సిన జాబితా దానంతటదే తయారవుతుంది. రెండు రోజులు ఆకుకూర పప్పు, రెండు రోజులు దోసకాయో సొరకాయో, ఒక రోజు పులుసు, వారానికోసారి చేపలో గుడ్డో అనుకుంటే సంతకు వెళ్లినప్పుడు చేయి అదుపులో ఉంటుంది. ఆకుకూర రెండు రోజులకు మించి ఆగదు కాబట్టి ముందు అది వండాలి. దుంపలు, గుమ్మడి, దోసకాయ వారం చివరికి ఉంచవచ్చు.

పిండి ఇంకో ఉదాహరణ. రుబ్బిన గ్లాసు మినపగుళ్లకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ చొప్పున కలిపి రాత్రంతా పులియనిస్తే మొదటి రెండు రోజులు ఇడ్లీ. మూడో రోజు అదే పిండి ఇనప మూకుట్లో మందంగా పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద అడుగు ఎర్రగా కాలేదాకా ఉంచితే దిబ్బరొట్టె. ఇంకా మిగిలితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి గుంటపొంగణాలు. కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం పదిహేను రోజులకోసారి కొట్టుకుంటే పొద్దున్నే పచ్చడి చేసే తీరిక లేని రోజు గడుస్తుంది. అయితే పచ్చళ్లు, పొడులు, వడియాలు అన్నిటిలో ఉప్పు ఎక్కువే. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మిగిలిన అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రిజ్ చలి 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. ఫ్రిజ్‌ను కుక్కి నింపితే చల్లగాలి తిరగదు. వారంలో ఒక రాత్రి కొత్తగా కూర చేయకుండా ఫ్రిజ్‌లో ఉన్న వాటితోనే భోజనం ముగిస్తే అటు దుబారా ఆగుతుంది, ఇటు అరలు తుడవడానికి వీలవుతుంది.

తీసేయడానికి ఒక క్రమం

జపాన్‌కు చెందిన మారీ కొండో ఇల్లు సర్దడంపై రాసిన పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక ఈ విషయం ప్రపంచమంతా చర్చకొచ్చింది. గదుల వారీగా కాక వస్తువుల రకం వారీగా సర్దాలన్నది ఆమె పద్ధతి. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివరికి జ్ఞాపకంగా దాచుకున్నవి. ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఒకచోట కుప్పపోస్తే తప్ప ఎన్ని ఉన్నాయో తెలియదన్న మాట తెలుగు ఇళ్లకూ సరిపోతుంది. సంతోషం కలిగించేదే ఉంచుకోవాలన్న ఆమె కొలత మాత్రం వంటింట్లో అంతగా పనిచేయదు. ఏడాదికోసారి దిగే ఆవకాయ జాడీ మనసుకు సంతోషమిచ్చినా ఇవ్వకపోయినా ఉండాల్సిందే.

అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: కావాల్సినప్పుడు ఇది బయట దొరుకుతుందా? పెళ్లిళ్లకు గుండిగలు, గంగాళాలు, కుర్చీలు ఇప్పుడు అద్దెకు వస్తున్నాయి. వాటికోసం అటక నింపక్కర్లేదు. జాడీ, రోలు, ఇనప మూకుడు అద్దెకు దొరకవు.

బయటికి పంపే దారులు ఊళ్లలో చాలానే ఉన్నాయి. పాత నూలు చీరలు బొంతలవుతాయి. కాగితాలు, ఇనుము, సీసాలు పాతసామాన్ల బండికి వెళ్తాయి. పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చేవాళ్లు వీధిలోకి వస్తారు. అయితే గిన్నె తీసుకుంటే ఒక మూల ఖాళీ అయి ఇంకో మూల నిండుతుంది. బాగున్న బట్టలు అవసరం ఉన్నవాళ్లకు ఇవ్వడమే ఇంటికి తేలిక.

రోజుకు పావుగంట

పెద్ద సర్దుళ్ల కంటే చిన్న అలవాట్లే ఎక్కువ పనిచేస్తాయి. రాత్రి పడుకునే ముందు సింకు ఖాళీ చేసి, పొయ్యి గట్టు తుడిస్తే బొద్దింకలు, చీమలు తగ్గుతాయి. తీసిన వస్తువు తీసిన చోటే పెట్టడం, ఒక వస్తువు కొన్నప్పుడు అలాంటిదే ఒకటి తీసేయడం, ఉత్తరాలు, బిల్లులు వచ్చిన రోజే చూసి అక్కర్లేనివి చించేయడం ఇంట్లో అందరూ చేయగలిగిన పనులు. ఇవన్నీ ఒక్క ఇల్లాలి మీద వేస్తే నెల తిరిగేసరికి ఇల్లు మొదటికొస్తుంది. పిల్లల పుస్తకాలు పిల్లలే, ఎవరి బట్టలు వారే సర్దుకునేలా అరలు పంచాలి.

శుక్రవారం ఇంకో పని ఉంది. డెంగీ దోమ కొబ్బరిచిప్పల్లో, పాత టైర్లలో, కూలర్లలో, పూలకుండీల పళ్లేల్లో నిలిచిన మంచినీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోసి తొట్లు తోమి ఆరబెట్టే డ్రై డే పాటించమని ఆరోగ్య శాఖ చెబుతుంది. గుడ్లు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి కాబట్టి తోమకుండా పారబోస్తే చాలదు. పెరట్లో పనికిరాని డబ్బా లేకపోవడం ఆరోగ్యానికీ అవసరమే.

నీరు వచ్చే నేల

ఈ ప్రాంతంలో నేల మీద సామాను పెట్టకపోవడానికి మరో కారణం ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి లంక గ్రామాలు మునిగాయి. బియ్యం బస్తా బల్ల మీద, పప్పుల డబ్బాలు నడుము ఎత్తు పైన ఉంటే ముందుగా కాపాడుకోవాల్సిన సరుకు తగ్గుతుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, రేషన్ కార్డు, చదువుల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు ఒకే జిప్ సంచిలో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి. వాటి నకళ్లు డిజిలాకర్‌లో దాచుకోవచ్చు.

చెత్త, పండుగలు

ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా వేరుచేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. కూర తొక్కలు, ఎండుటాకులు పెరటి గుంటలో పొరలు పొరలుగా వేసి, తడి ఆరిపోకుండా అప్పుడప్పుడు కలిపితే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. పొడి చెత్త పంచాయతీ బండికి ఇవ్వాలి. కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు, ట్యూబులైట్లు వేరే సంచిలో కట్టి ఇవ్వాలి.

భోగికి ముందు అటక దించి, బూజు దులిపి, పాతవి మంటలో వేయడం తరతరాల అలవాటు. అప్పుడు కాలినవి కర్రలు, చాపలు, చీపుళ్లు. ఇప్పుడు అటక మీద ఉన్నది ఎక్కువగా ప్లాస్టిక్, రెగ్జిన్, రబ్బరు. అవి కాలితే వచ్చే పొగలో డయాక్సిన్ల వంటి విషాలుంటాయి. మంటకు కర్ర, పిడకలు చాలు. మిగతాది పాతసామాన్ల బండికి.

ఏడాదిలో నాలుగు సందర్భాలను సర్దుళ్లకు కేటాయించుకుంటే పని మోయలేనంత కాదు. సంక్రాంతికి ముందు అటక, బట్టలు. ఉగాదికి ముందు కాగితాలు, మందులు. తొలకరికి ముందు సరుకు డబ్బాలు, పచ్చడి జాడీలు. దసరాకు ముందు పనిముట్లు, పుస్తకాలు. మధ్యలో కొత్త సామాను కొనేముందు ఆ రకం సామాను ఉన్న అర ఒకసారి తెరిచి చూస్తే, సగం కొనుగోళ్లు అవసరం లేదని అక్కడే తేలిపోతుంది.