వేసవి శిబిరంలో మూడో రాత్రి



మే నెల వచ్చిందంటే మన ఊళ్ళల్లో చర్చిల దగ్గర షామియానాలు లేస్తాయి. చిన్నపిల్లలకు వి.బి.యస్., పెద్దపిల్లలకు యూత్ క్యాంపు. మనలో చాలామంది ఒక్కసారైనా అక్కడ పులిహోర తిని, చేతులూపుతూ పాటలు పాడి వచ్చినవాళ్ళమే. ఈ శిబిరాల పద్ధతి పాతదే. 1885లో అమెరికాలో వై.ఎం.సి.ఎ.కు చెందిన సమ్నర్ డడ్లీ ఏడుగురు కుర్రాళ్ళను ఒక సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి ఇలాంటి శిబిరమే పెట్టాడు.

మేము నలుగురం ఈ హాస్టల్లోనే ఉండి చదువుకున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాళ్ళం కూడా మేమే. రెండేళ్ళుగా వేసవిలో ఒక అయిదు రోజుల క్యాంపుకు కౌన్సెలర్లుగా వెళ్తున్నాం. కౌన్సెలర్ అంటే పేరు పెద్దదే గాని, పని చూస్తే ఎనిమిది మంది కుర్రాళ్ళ గుంపుకు ఒక అన్న. పొద్దున్నే లేపాలి, ఎవరి ప్లేటు వాళ్ళ చేత కడిగించాలి, రాత్రి వాళ్ళ పక్కనే చాప వేసుకోవాలి. వాళ్ళు ఏదైనా చెబితే వినాలి. అన్నిటికంటే కష్టమైంది ఈ చివరిదే.

మొదటి రెండు రోజులు ఎవరూ ఏమీ చెప్పరు. క్రికెట్, సినిమాలు, సెల్‌ఫోన్ కబుర్లే. మూడో రాత్రి ప్రసంగం అయ్యాక ప్రార్థన కోసం ముందుకు రమ్మని పిలుస్తారు. ఒకడు ఏడిస్తే పక్కవాడికీ ఏడుపొస్తుంది. కొందరి ఏడుపు పాటతో వచ్చి పాటతో పోతుంది. కొందరు మాత్రం లైట్లు ఆర్పాక కూడా పడుకోరు, మంచినీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడతారు. వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. తండ్రి తాగుడు, ఇంటర్ తప్పడం, ప్రేమ, కాలేజీలో కులం పేరు పెట్టి అన్న మాట, పదో తరగతి కాగానే అక్కకు పెళ్ళి చేసేస్తున్నారనే దిగులు. ఇవన్నీ అక్కడే విన్నాం.

మొదటి ఏడాది మేము పెద్ద తప్పు చేశాం. నాన్న రోజూ తాగొచ్చి అమ్మను కొడుతున్నాడని ఒక కుర్రాడు చెప్పాడు. తల్లిదండ్రులను గౌరవించాలని, ప్రార్థన చేస్తే అంతా సర్దుకుంటుందని గబగబా చెప్పేశాం. వాడు "సరే అన్నా" అని లేచిపోయాడు. మిగిలిన రెండు రోజులు మా పక్కన కూర్చోలేదు. "సరే అన్నా" అంటే ఒప్పుకున్నట్టు కాదని, ఇంక చెప్పనని అర్థమని మాకు తర్వాత గాని తెలియలేదు. ప్రార్థన వద్దని మేము అనడం లేదు. విన్న తర్వాత చేసే ప్రార్థన వేరు, వినకుండా ఉండటానికి చేసే ప్రార్థన వేరు.

రెండో ఏడాదికి కొంత నేర్చుకుని వెళ్ళాం. చెప్పేవాడు ఆగితే మనమూ ఆగాలి, ఆ ఖాళీని మాటలతో నింపకూడదు. "అంటే ఆ రోజు ఇంటికెళ్ళడానికే భయమేసిందన్నమాట" అని వాడి మాటే వాడికి తిరిగి అప్పజెబితే చాలు, మిగతాది వాడే చెబుతాడు. తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. నలుగురికీ కనబడేలా, మాట మాత్రం వినబడనంత దూరంలో కూర్చోవాలి. ఆడపిల్లలతో అక్కలే మాట్లాడాలి.

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి, చెబుతా" అంటారు. ఆ ఒట్టు వేయకూడదు. "నీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ప్రమాదమైతే, నిన్నెవరైనా పాడు చేస్తుంటే, సాయం చేసేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది తమ్ముడూ. మిగతాది నా దగ్గరే ఉంటుంది" అని ముందే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. చర్చి పరువు, క్యాంపు పరువు అనే మాట అక్కడ చెల్లదు. పిల్లల కోసం 1098 నంబరు ఉంది.

పోయినసారి మా గుంపులో ఇంటర్ రెండు సబ్జెక్టులు తప్పిన తమ్ముడు ఒకడున్నాడు (గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాం). మూడో రాత్రి తన వాచీ తీసి పక్కవాడికిచ్చి, "నాకింకెందుకులేరా" అన్నాడు. మాకు చేతులు చల్లబడ్డాయి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగాం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అది అపోహేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నివేదికలో రాసింది. వాడు చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "అవునన్నా, మీకెలా తెలుసు?" అన్నాడు. అడిగినందుకు వాడి మొహంలో కోపం లేదు, ఊపిరి పీల్చుకున్నట్టుంది.

ఆ రాత్రి వంతులవారీగా వాడి పక్కనే మేలుకుని ఉన్నాం. పొద్దున శిబిరం పెద్దల్లో ఒకరు ఇంట్లో చెబితే రచ్చవుతుందని, ఉపవాస ప్రార్థన పెడదామని అన్నారు. ఆయనది మంచి మనసే, కాదనం. కాని మేము ఒప్పుకోలేదు. వాడినే అడిగితే మేనమామ పేరు చెప్పాడు. ఆయనొచ్చాడు. ఇంట్లో పొలం మందు ఉంచవద్దని, కొన్నాళ్ళు వాణ్ణి ఒంటరిగా వదలవద్దని చెప్పాం. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపిద్దామంటే "పోలీసు కేసవుతుందేమో బాబూ" అని భయపడ్డాడు. ఊళ్ళల్లో ఆ భయం ఇంకా ఉంది. ఆలోచన వచ్చినందుకు కేసు ఉండదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని సైతం తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి గాని శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అది వివరించాకే బస్సెక్కాడు. దూరం వెళ్ళలేనివారికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళ చేసినా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మన హాస్టలు నోటీసు బోర్డు మీద కూడా రాయమని వార్డెన్ గారిని కోరుతున్నాం.

అయిదు రోజులైతే షామియానా విప్పేస్తారు, పిల్లలు మళ్ళీ అదే ఇంటికి వెళ్తారు. క్యాంపులో జరగని పని ఆ తర్వాతే జరగాలి. అందుకని మా గుంపులో ప్రతివాడికీ నెలకొకసారైనా ఫోన్ చేయాలని నలుగురం పంచుకున్నాం. కొన్ని నెలలు తప్పాం కూడా, పరీక్షలని, ఇంటర్వ్యూలని.

వాచీ ఇచ్చేసిన తమ్ముడు సప్లిమెంటరీలో ఒక సబ్జెక్టు గట్టెక్కాడు, ఇంకొకటి ఉంది. మందులు వాడుతున్నాడు. వాచీ మళ్ళీ తీసుకున్నాడట. మొన్న ఆదివారం వాడే ఫోన్ చేసి, "అన్నా, నాదీ అయిపోతే డిగ్రీకి మీ హాస్టల్లో సీటు దొరుకుతుందా? భోజనం ఎలా ఉంటుంది?" అని అడిగాడు. సీటు సంగతి కనుక్కుంటామన్నాం. భోజనం సంగతి మాత్రం అప్పుడే చెప్పలేదు.