ట్రైలర్ లాగాలంటే ట్రక్ బెడ్ ఎంత పొడవు ఉండాలి? ముందు ట్రైలర్ సంగతి తేల్చుకోండి

అమెరికాలో ఉంటున్న మన వాళ్ళ నుంచి ఒక ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "బ్రో, క్యాంపింగ్ ట్రైలర్ కొందామనుకుంటున్నాం. దాన్ని లాగడానికి పికప్ ట్రక్ చూస్తున్నాం. బెడ్ చిన్నది తీసుకోవాలా, పెద్దది తీసుకోవాలా?" ఈ ఎపిసోడ్ అంతా దీని గురించే.

బెడ్ అంటే ట్రక్ వెనక సామాను వేసుకునే ఓపెన్ భాగం. మామూలుగా మూడు సైజులు దొరుకుతాయి: సుమారు 5.5 అడుగులు, 6.5 అడుగులు, 8 అడుగులు. చాలామంది ముందు ట్రక్ కొనేసి, తర్వాత దానికి తగ్గ ట్రైలర్ వెతుకుతారు. అది రివర్స్ ఆర్డర్. ఎందుకంటే జవాబు ట్రైలర్ రకాన్ని బట్టి మొత్తం మారిపోతుంది.

మొదటి రకం ట్రావెల్ ట్రైలర్. ఇది ట్రక్ వెనక బంపర్ కింద ఉండే హిచ్ బాల్‌కి తగిలిస్తారు. బండి మలుపు తిరిగేది బెడ్ బయట. కాబట్టి ఈ రకానికి బెడ్ పొడవు అడ్డం రాదు, 5.5 అడుగులదైనా లాగొచ్చు. ఇక్కడ తేడా తెచ్చేది వీల్‌బేస్, అంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం. ఫోర్డ్ ఎఫ్-150లో నాలుగు డోర్ల క్యాబ్‌కి 5.5 అడుగుల బెడ్ అయితే వీల్‌బేస్ సుమారు 145 అంగుళాలు, 6.5 అడుగుల బెడ్ అయితే సుమారు 157. ఈ 12 అంగుళాలు ఎందుకంటే, హైవే మీద పక్కనుంచి పెద్ద లారీ వెళ్ళినప్పుడు గాలికి ట్రైలర్ తోకలా ఊగుతుంది. దాన్నే స్వే అంటారు. ఆ ఊపు ట్రక్ వెనక భాగాన్ని పక్కకి నెడుతుంది. వీల్‌బేస్ పొడవుగా ఉంటే ట్రక్ అంత తేలిగ్గా కదలదు. ఒకవేళ స్వే మొదలైతే సడన్ బ్రేక్ కొట్టొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్‌తో ట్రైలర్ బ్రేక్ మాత్రమే వేయాలి.

రెండో రకం ఫిఫ్త్ వీల్. దీని హిచ్ బెడ్ లోపలే, వెనక యాక్సిల్ పైన ఉంటుంది. ఊళ్ళో ట్రాక్టర్‌ని ట్రాలీతో రివర్స్ చేయడం చూశారా? స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పితే ట్రాలీ మూల ట్రాక్టర్ పెద్ద టైరుకి తగులుతుంది. ఇదీ అదే కథ, కాకపోతే ఇక్కడ తగిలేది క్యాబిన్ వెనక అద్దానికి, ఆ అద్దం ముందే పిల్లలు కూర్చుని ఉంటారు.

లెక్క చూడండి. పెద్ద ట్రైలర్ వెడల్పు 8.5 అడుగులు, అంటే 102 అంగుళాలు. అందులో సగం 51. హిచ్ నుంచి క్యాబిన్‌కి 51 అంగుళాల కంటే తక్కువ ఉంటే, 90 డిగ్రీల మలుపులో తగిలే ఛాన్స్ ఉంది. 8 అడుగుల బెడ్‌లో ఈ జాగా మామూలుగా దొరుకుతుంది. 6.5 అడుగుల బెడ్‌లో దొరకదు, అందుకే హిచ్‌ని వెనక్కి జరుపుకునే స్లైడర్ హిచ్ వాడతారు. మూలలు గుండ్రంగా కోసినట్టు ఉండే ట్రైలర్లు కూడా కొంత సాయం చేస్తాయి. 5.5 అడుగుల బెడ్‌తో మాత్రం ఫిఫ్త్ వీల్ ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది.

ఇప్పుడు అసలు పాయింట్. బెడ్ ఎంతున్నా పేలోడ్ దాటితే అంతా వేస్ట్. పేలోడ్ అంటే ట్రక్ తన మీద మోయగల బరువు. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది. ఉదాహరణకి అది 1,600 పౌండ్లు అనుకుందాం. ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది. 7,000 పౌండ్ల ట్రైలర్ అయితే సుమారు 900. ఇంట్లో నలుగురు 600. సైకిళ్ళు, జనరేటర్, కూలర్ కలిపి 200. మొత్తం 1,700. అంటే 100 పౌండ్లు ఓవర్! యాడ్‌లో 11,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉన్నా సరే, ఈ ట్రక్ మీద ఈ ట్రిప్ కుదరదు. ఫిఫ్త్ వీల్ అయితే హిచ్ మీద 15 నుంచి 25 శాతం పడుతుంది. అందుకే వాటికి ఎఫ్-250 లాంటి పెద్ద ట్రక్కులు వాడతారు.

అలా అని అందరూ 8 అడుగులు కొనక్కర్లేదు. నాలుగు డోర్ల ఎఫ్-250కి 8 అడుగుల బెడ్ ఉంటే మొత్తం పొడవు సుమారు 22 అడుగులు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కాస్ట్‌కో దగ్గర రోజూ తిప్పలే.

కాబట్టి ఆర్డర్ ఇది: ముందు ట్రైలర్ రకం, తర్వాత దాని ఫుల్ లోడ్ బరువు, తర్వాత డోర్ స్టిక్కర్, ఆఖర్న బెడ్. ట్రావెల్ ట్రైలర్‌తో ఫ్యామిలీ ట్రిప్పులైతే 6.5 అడుగులు మంచి బ్యాలెన్స్. పెద్ద ఫిఫ్త్ వీల్ అయితే 8 అడుగులు. షోరూమ్‌కి వెళ్ళినప్పుడు సేల్స్‌మన్‌తో మాట్లాడే ముందు డోర్ తీసి ఆ స్టిక్కర్ ఫోటో కొట్టుకోండి. మీ లెక్క కామెంట్స్‌లో పెట్టండి, కలిసి చూద్దాం. ఉంటాను మరి, బై!