బేరింగుల బండి - విరగని ఇరుసు

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మా క్యాజువాలిటీకి వచ్చే దెబ్బల రకం మారిపోతుంది. మామిడి చెట్టు మీద నుంచి పడినవారు, బావిలో దూకినవారు, వారి వెనుకే బేరింగుల బండి పిల్లలు. మెకానిక్ షెడ్డులో పాత బేరింగులు నాలుగు అడిగి తెచ్చుకొని, దొరికిన చెక్కలకు తగిలించి, రోడ్డు మీద గరగరమని పోయే ఆ బండిని మీలో చాలామంది ఎక్కే ఉంటారు. విదేశాల్లో దీని అన్నగారు గో-కార్ట్. ఇంజనుతో నడిచే ఆ బండిని 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన మొదట తయారుచేశారు. మన పిల్లల బండికి ఇంజను లేదు గాని పల్లం ఉంది, వెనుక నుంచి తోసే స్నేహితుడున్నాడు. దెబ్బ తగలడానికి అది చాలు.

మొన్న మే నెలలో పదకొండేళ్ళ బాబును వాళ్ళ నాయనమ్మ తీసుకొచ్చింది. గడ్డం చీలి ఉంది, గాయం నిండా కాఫీ పొడి. కుట్లు వేయడానికంటే ఆ పొడి కడగడానికే ఎక్కువ సేపు పట్టింది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, ఏ పొడీ వద్దు. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాం. "ఆ బండిని పొయ్యిలో పెడతా సిస్టరమ్మా" అని ఆమె కోపం. బాబు మాత్రం విరిగిన ఇరుసు ముక్కను చంకలో పెట్టుకొనే వచ్చాడు.

ఆ ముక్కను మా ఆసుపత్రి మంచాలు, స్టూళ్ళు బాగుచేసే వడ్రంగి మేస్త్రికి చూపించాం. ఆయన తిప్పి చూసి, "పండ్ల పెట్టె చెక్క సిస్టరు గారూ. పైగా బేరింగు ఎక్కించడానికి సన్నగా చెక్కిన చోటే ముడి ఉంది. విరగక ఏం చేస్తుంది?" అన్నారు.

బండిని పొయ్యిలో పెడితే పిల్లవాడు ఇంకో పండ్ల పెట్టె వెతుక్కుంటాడు. అందుకే మేస్త్రి చేత ఒకటి కట్టించి, పక్కన నిలబడి నేర్చుకున్నాం.

చెక్క చేవ ఉన్న నల్లతుమ్మ గాని వేప గాని కావాలి. ఎడ్లబండి చక్రాలకు తుమ్మ వాడింది ఊరికే కాదు. ముడులు, పగుళ్ళు ఉన్న ముక్క తీసుకోకూడదు. కూర్చునే పలక మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. దాని కింద పొడవునా రెండు కమ్ములు, ఆ కమ్ములకు అడ్డంగా వెనుక ఇరుసు చెక్క. ఇరుసు పలక కంటే వెడల్పుగా, రెండడుగులు ఉంటే మలుపులో బండి తిరగబడదు. కూర్చునే చోటు ఎంత కిందికుంటే అంత మంచిది.

అసలు కిటుకు ఇరుసు చివర ఉంది. 6204 నెంబరు బేరింగు లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లే. రెండంగుళాల చెక్కను అంతకు చెక్కేస్తే మిగిలేది బొటనవేలంత. పిల్లవాడి బరువు, గుంటలో పడ్డ కుదుపు అన్నీ ఆ వేలి మీదే. మేస్త్రి అక్కడ చెక్కను నమ్మలేదు. అంతే లావు ఇనుప కడ్డీని ఇరుసు చెక్క కింద ఈ చివరి నుంచి ఆ చివరికి పెట్టి, క్లాంపులతో బిగించారు. చక్రం జారకుండా కడ్డీ కొసకు రంధ్రం చేయించి, ఎడ్లబండికి పెట్టినట్టే సీల పెట్టారు.

మేకులు ఎక్కడా కొట్టలేదు. కుదుపులకు మేకు వదులై పైకి లేస్తుంది, లేచిన మేకు తొడలో దిగుతుంది. అలా దిగినవి మేం తీశాం. ముందుగా బర్మాతో రంధ్రం వేసి, రెండువైపులా వాషర్లు పెట్టి బోల్టు బిగించాలి. చెక్క కొసకు రెండంగుళాల లోపు రంధ్రం వేస్తే చీలుతుంది. ముందు ఇరుసు తిరగడానికి ఒకటే బోల్టు ఉంటుంది కాబట్టి అది అర అంగుళం లావుది, ఊడకుండా రెండు నట్లు. ముందు ఇరుసు మరీ అడ్డం తిరిగితే బండి పల్టీ కొడుతుంది. అందుకు పలక కింద రెండు అడ్డుచెక్కలు కొట్టి ఆపారు.

పిల్లలు పలక అంచు పట్టుకుంటారు, వేళ్ళు చక్రం కిందికి పోతాయి. కాబట్టి పైన పట్టుకోవడానికి పక్కకమ్మీలు, కాళ్ళు నేలకు రాసుకోకుండా ముందు పాదాల చెక్క. చివరగా అంచులన్నీ చిత్రిక పట్టి గుండ్రం చేశారు. చెక్కపేడు గుచ్చుకొని చీము పట్టి వచ్చే పిల్లలు మాకు ఏటా ఉంటారు.

తయారయ్యాక మేస్త్రి, మా వాచ్‌మన్ ఇద్దరూ ఎక్కి ఊగారు. కిర్రుమనలేదు. అయినా ఎండకు చెక్క ఎండి బోల్టులు వదులవుతాయి, వారానికోసారి బిగించాలి. రోడ్డు మీద వద్దు, ఖాళీ మైదానంలోనే, ఒక్కరే, సైకిల్ హెల్మెట్‌తో. ఆటో వెనుక తాడు కట్టుకునే సాహసాలు అసలే వద్దు.

పిల్లల టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. జాతీయ టీకాల కార్యక్రమంలో 2019 నుంచి టీటీకి బదులు టీడీ వచ్చింది, 10 ఏళ్ళకు ఒకటి, 16 ఏళ్ళకు ఒకటి. ఆ బాబుకు పదేళ్ళది వేయించనే లేదు.

ఆరో రోజు కుట్లు విప్పించుకొని వాడు నేరుగా మేస్త్రి దగ్గరకు పోయి, "తాతా, బండేదీ?" అన్నాడు. బ్రేకు ఇంకా పెట్టలేదు. పక్కన కర్రలీవరు, దాని కింద నేలకు ఒత్తుకునేలా పాత టైరు ముక్క రావాలి. ఆదివారం రమ్మన్నాం.