అండమాన్ దీవుల సాయంత్రాలు: పర్యాటకానికి చీకటే పెట్టుబడి

బంగాళాఖాతంలో విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న అండమాన్ దీవులకు మొదటిసారి వెళ్ళిన పర్యాటకులకు తొలిరోజే ఒక వింత ఎదురవుతుంది. అక్కడ పొద్దు తొందరగా గుంకుతుంది. రాజధాని శ్రీ విజయపురంలో డిసెంబరు మాసారంభాన సాయంత్రం 5 గంటలకు ముందే సూర్యాస్తమయం అవుతుంది. పగళ్ళు దీర్ఘంగా ఉండే జూన్‌లో సైతం 6 గంటల లోపే సూర్యుడు అస్తమిస్తాడు. 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన నగరమే నేటి శ్రీ విజయపురం.

ఇందుకు కారణం సుస్పష్టం. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపం నుంచి సాగుతుంది. శ్రీ విజయపురం అంతకు పది డిగ్రీలు తూర్పున ఉన్నది. ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు గడియారం కంటె దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. హైదరాబాద్‌తో పోల్చినచో ఈ వ్యత్యాసం గంటకు చేరువగా ఉంటుంది.

దీని పర్యవసానంగా పర్యాటకునికి భోజనవేళకు ముందే మూడు గంటల చీకటి మిగులుతుంది. ఈ సమయాన్ని ఏ విధంగా వినియోగించాలన్నదే దీవుల పర్యాటకరంగం ముందున్న ప్రధాన ప్రశ్న. గోవా తరహా రాత్రి క్లబ్బుల సంస్కృతి ఇక్కడ విస్తరించలేదు. అయినప్పటికీ సాయంకాలపు ఆకర్షణలకు కొరత లేదు. వాటిలో అధికభాగం చీకటిని ఆధారం చేసుకొన్నవే కావడం విశేషం.

సెల్యులార్ జైలు ప్రాంగణంలో

సాయంకాల కార్యక్రమాలలో అగ్రస్థానం సెల్యులార్ జైలులోని ధ్వని-కాంతి ప్రదర్శనది. 1896లో ఆరంభమై 1906లో పూర్తయిన ఈ కారాగారాన్ని మధ్య గోపురం చుట్టూ చక్రపు ఆకుల వలె ఏడు విభాగాలుగా నిర్మించారు. నేడు మూడు విభాగాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడుకొనేందుకు వీలులేకుండా ప్రతి ఒక్కరినీ విడి గదిలో బంధించే ఏర్పాటు వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారక చిహ్నంగా జాతికి అంకితం చేశారు.

జైలు ఆవరణలోని రావిచెట్టు సాక్షిగా నిలిచి కథ చెప్పే పద్ధతిలో రూపొందిన ప్రదర్శన దశాబ్దాలుగా సందర్శకులను కదిలిస్తూ వచ్చింది. 1933 నాటి నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణత్యాగం చేశారు. 1937-38లో రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తరలించారు. ఈ ఘట్టాలన్నీ ఆ గోడల నడుమ జరిగినవే.

తెలుగువారికి ఈ ప్రాంగణంతో ప్రత్యేక అనుబంధం కలదు. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922-24 మధ్య సాగిన మన్యం పోరాటంలో పాల్గొన్నవారిలో కొందరిని అండమాన్‌కు పంపారు. అల్లూరి వీరమరణం గురించి తెలిసినంతగా, సముద్రం దాటించబడిన ఆయన అనుచరుల గురించి మన ప్రజలకు తెలియదు. చీకటిలో ఆ గదుల వరుసపై కాంతి ప్రసరించే వేళ, మన మన్యం బిడ్డలను సైతం స్మరించుకొనవలసి ఉన్నది.

జైలుకు ఎదురుగా కనిపించే చిన్న ద్వీపం 1858 నుంచి ఎనిమిది దశాబ్దాలకు పైగా బ్రిటిష్ పాలనా కేంద్రంగా వర్ధిల్లింది. 1941 జూన్‌లో సంభవించిన భూకంపం దానిని దెబ్బతీసింది. నాటి విలాస భవనాల శిథిలాలను నేడు మర్రి ఊడలు పెనవేసుకొని ఉన్నాయి. రాస్ ద్వీపంగా ప్రసిద్ధమైన దీనికి 2018 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమని నామకరణం చేశారు. ఇక్కడ కూడా ధ్వని-కాంతి ప్రదర్శన ఏర్పాటైంది. ద్వీపంలో బస సౌకర్యం లేనందున, ప్రదర్శన ముగియగానే సందర్శకులు పడవలో వెనుదిరుగుతారు.

వెలుగులు చిమ్మే నీరు

హావ్‌లాక్‌గా పేరొందిన స్వరాజ్ ద్వీపంలో సాయంత్రం రాధానగర్ సముద్రతీరంతో ఆరంభమవుతుంది. పరిశుభ్రత, భద్రతా ప్రమాణాలకు గుర్తింపుగా 2020లో బ్లూ ఫ్లాగ్ పొందిన ఈ తీరంలో సూర్యాస్తమయ దర్శనానికి పర్యాటకులు పెద్దసంఖ్యలో చేరుతారు. చీకటి చిక్కబడిన పిమ్మట మరికొందరు చిన్న తెడ్డు పడవలలో మడ అడవుల పాయల వైపు సాగుతారు. తెడ్డు వేసిన చోటల్లా నీరు నీలికాంతితో మెరుస్తుంది.

ఇది సూక్ష్మజీవుల ప్రతిచర్య. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులను నీటి కదలిక తాకినపుడు, వాటిలోని లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసి క్షణకాలం కాంతిని వెలువరిస్తుంది. వెన్నెల గాని, ఒడ్డున విద్యుద్దీపాలు గాని ఉన్నచో ఈ కాంతి కంటికి ఆనదు. అందువల్ల అమావాస్యకు అటూఇటూ వచ్చే రాత్రులే ఇందుకు అనుకూలం. తీరం వెంబడి దీపాలు పెరిగిన కొలదీ ఈ ఆకర్షణ తరుగుతుంది.

తాబేళ్ళ రాత్రులు

ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ సమీపాన గల కాలీపూర్ తీరం సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటుగా ప్రసిద్ధి చెందింది. శీతకాలపు రాత్రులలో తల్లి తాబేలు ఒడ్డుకు చేరి, ఇసుకలో గుంట త్రవ్వి, గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి మరలుతుంది. వారాల తరువాత బయటికి వచ్చే పిల్లలు కాంతి అధికంగా కనిపించే దిక్కుకు నడుస్తాయి. ప్రకృతి సహజంగా ఆ దిక్కు సముద్రమే. తీరాన విద్యుద్దీపం వెలిగినచో అవి దారితప్పి లోతట్టుకు వెళ్ళి, తెల్లవారేసరికి ఎండకో, కాకులు కుక్కల పాలిటో పడతాయి. ఈ కారణంగా తాబేళ్ళను చూడవచ్చినవారు టార్చిలైట్లు, కెమెరా ఫ్లాషులు వాడరాదు.

పాటించవలసిన హద్దులు

దీవుల రాత్రులకు కొన్ని హద్దులు తప్పనిసరి. అండమాన్ ట్రంక్ రోడ్డుపై జారవా గిరిజనుల అభయారణ్యం గుండా వాహనాలను పగటివేళ, రక్షణతో కూడిన వరుసలలో మాత్రమే అనుమతిస్తారు. ఆదిమ తెగల రక్షణకై 1956 నాటి నిబంధనావళి అమలులో ఉన్నది. రాత్రివేళ ఆ అరణ్యం జారవాలది. అట్లే ఉప్పునీటి మొసళ్ళు సంచరించే పాయలలో, తీరాలలో చీకటిపడ్డాక నీటిలోకి దిగడం ప్రాణాపాయకరం. హెచ్చరిక ఫలకాలను నిర్లక్ష్యం చేయరాదు.

మరొక పరిమితి విద్యుత్తు. దీవులు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో అనుసంధానం కాలేదు. కొంత సౌరశక్తి, ఉత్తర అండమాన్‌లోని కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం తోడ్పడుతున్నప్పటికీ, ప్రధానంగా ఓడలలో తెచ్చే డీజిల్‌పైనే ఆధారపడవలసి వస్తున్నది. అక్కడ ప్రతి అలంకార దీపానికీ సముద్రం దాటివచ్చిన ఇంధనం ఖర్చవుతుంది.

స్థానికుల పాత్ర

2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో సుమారు 3.8 లక్షల మంది నివసిస్తున్నారు. బెంగాలీ, తమిళం, హిందీలతోపాటు తెలుగు సైతం అక్కడి ప్రధాన భాషలలో ఒకటి. తెలుగు కుటుంబాలలో పెక్కింటి మూలాలు ఉత్తరాంధ్ర తీరంలో ఉన్నాయి. శ్రీ విజయపురంలోని అబర్దీన్ బజారులో సాయంత్రంవేళ తెలుగు మాటలు వినిపించడం పరిపాటి. పడవ నడిపేవారు, చేపలు పట్టేవారు, దుకాణదారులు సాయంకాల పర్యాటకంలో భాగస్వాములైనపుడే దాని ఫలం దీవులలో నిలుస్తుంది.

రాత్రి వినోదమనగానే అధిక కాంతి, అధిక ధ్వని స్ఫురించడం సహజం. అండమాన్‌లో లెక్క వేరు. జైలు గోడపై పడే ఒక్క కాంతిరేఖకు, నీటిలోని నీలి మెరుపుకు, తాబేలు పిల్ల ప్రయాణానికి చుట్టూ చీకటి కావాలి. సుదీర్ఘ తీరరేఖ గల తెలుగు నేలపై సముద్రతీర పర్యాటకాన్ని రూపొందించే అధికారులకు ఇది ఆలోచించదగిన అనుభవం. ఎక్కడ దీపం పెట్టాలో నిర్ణయించేటపుడే, ఎక్కడ పెట్టరాదో కూడా నిర్ణయించుకొనవలసి ఉంటుంది.