హద్దు దాటి వచ్చిన పోలీసువారు బండి నాపవచ్చునా?

గడచిన మిరప కాలమున మా సంఘసభ్యు డొకరు అరువది టిక్కీల కాయను ట్రాక్టరుపై వేసికొని గుంటూరు యార్డునకు బయలుదేరెను. బండి తోలుచున్నవాడు ఆయన మేనల్లుడు. రాత్రి పది గంటలవేళ, దారిలో నొక తిరునాళ్ల బందోబస్తునకై పొరుగుజిల్లా నుండి వచ్చియున్న సబ్ఇన్‌స్పెక్టరు చేయి చూపి బండి నాపి, లైసెన్సు చూపుమనెను. మనవాడు చూపలేదు. "ఇది మీ స్టేషను హద్దు కాదు గదండీ, అడుగుటకు మీ కేమి అధికారము?" అనెను. మాటకు మాట పెరిగినది. తెల్లవారువఱకు బండి రోడ్డు ప్రక్కనే నిలిచిపోయినది. కాయమీద కప్పిన పట్టా చాలక మంచు పడి పై టిక్కీలు చెమ్మగిల్లినవి. యార్డు చేరునప్పటికి వేలము ముగిసినది. మఱునాడు కొనువారు చేయి పెట్టి చూచి, చెమ్మకాయ యని ధర తగ్గించిరి.

ఆయన మాకడకు వచ్చి, "అయ్యా, ఆ అధికారి చేసినది న్యాయమేనా?" యని యడిగెను. తామరపురుగును గుఱించియో, ఎండుతెగులును గుఱించియో యడిగియుండినచో అచ్చటనే చెప్పియుందుము. వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుకు చట్టముతో నేమి పని? అయినను పంట పొలము దాటి రోడ్డెక్కిన పిమ్మట దాని మంచిచెడ్డలు తెగుళ్లవలననే గాక యిట్టి తగవులవలనను తేలుచున్నవి గనుక, చట్టపుస్తకములు తిరుగవేసి తెలిసికొన్నంతవఱకు వ్రాయుచున్నాము.

మొట్టమొదట చెప్పవలసిన దేమనగా, మన సభ్యుని వాదము నిలువదు. స్టేషను హద్దు అనునది ముఖ్యముగా కేసును దర్యాప్తు చేయుటకు ఏర్పడినది. హద్దురాయి దాటగానే అధికారి అధికారము ఊడిపోవునని దాని యర్థము కాదు. కోస్తాజిల్లాలకు వచ్చిన 1859వ సంవత్సరపు మదరాసు జిల్లా పోలీసుచట్టము, పోలీసు ఉద్యోగి యెల్లప్పుడు పనిలో నున్నవాడే యనియు, జనరల్ పోలీసు డిస్ట్రిక్టులో ప్రతి భాగమునందును అతనికి పోలీసు అధికారములు కల వనియు చెప్పుచున్నది. దేశములో తక్కిన పెక్కుప్రాంతములకు వచ్చిన 1861వ సంవత్సరపు చట్టములోని 22వ సెక్షనుకూడ ఇంచుమించు నిదే భావము. ఇచ్చట డిస్ట్రిక్టు అను మాట చూచి మన జిల్లా యని భ్రమపడువారు కలరు. అది కలెక్టరుగారి జిల్లా కాదు; ఒక్క పోలీసుబలగము క్రింద ప్రభుత్వము ఉంచిన ప్రదేశ మంతయు. కావున పొరుగుజిల్లా సబ్ఇన్‌స్పెక్టరు మన దారిలో పరాయివాడు కాడు.

ఇక లైసెన్సు మాట. 1988వ సంవత్సరపు మోటారువాహనముల చట్టము 130వ సెక్షను ప్రకారము, బహిరంగస్థలమున యూనిఫారములో నున్న యే పోలీసు అధికారి యడిగినను డ్రైవరు లైసెన్సు చూపవలయును. చట్టము అడిగినది యూనిఫారమునే గాని స్టేషను పేరును గాదు. మామూలు బట్టలతో వచ్చి దారి కడ్డము నిలుచువాని సంగతి వేఱు. లైసెన్సు చూపనిచో నేమగును? లైసెన్సు లేకయే తోలుచున్నాడని నమ్ముటకు కారణము చిక్కును. అప్పుడు 207వ సెక్షను క్రింద బండిని పట్టి యుంచవచ్చును. ఆ రాత్రి జరిగినది ఇదియే. మేనల్లుడు లైసెన్సు లేనివాడు కాడు. అది అతని చొక్కాజేబులోనే యుండెను!

కాగితములు ఇంటివద్ద మఱచి వచ్చినవారికి ఒక సౌకర్యము కలదు. కేంద్ర మోటారువాహన నియమములలోని 139వ నియమమును 2018లో సవరించినందున, లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు మొదలగువానిని ప్రభుత్వపు డిజిలాకరు ద్వారా ఫోనులో చూపినను చెల్లును. ఫోటో తీసి ఉంచుకొన్నది వేఱు, ఇది వేఱు. ఈ భేదమును కుఱ్ఱవారికి తెలుపవలెను.

జుల్మానా విషయమున మాత్రము రైతు గట్టిగ నిలువవచ్చును. బండి నాపగలిగిన ప్రతివాడును డబ్బు పుచ్చుకొనలేడు. 200వ సెక్షను క్రింద రాజీరుసుము తీసికొను అధికారము ప్రభుత్వము ప్రకటించిన అధికారులకే కలదు. చలానా గాని రసీదు గాని లేక చేతిలో పెట్టించుకొన్న సొమ్ము సొంతహద్దులోనైనను చట్టసమ్మతము కాదు.

రాష్ట్రపు ఎల్ల దాటినచో కథ మాఱును. 2014 జూన్ 2వ తేదీనుండి కోదాడ యొక బలగము క్రిందను, జగ్గయ్యపేట మఱియొక బలగము క్రిందను ఉన్నవి. అచ్చటి పోలీసువారు ఇచ్చటికి వచ్చి దారిలో బండ్లు తనిఖీ చేయుటకు సామాన్యముగ వీలు లేదు. కాని వారంటు లేకుండ పట్టదగిన నేరము చేసినవానిని పట్టుటకై దేశములో నెచ్చటికైనను వెంబడించి రావచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి అమలులో నున్న భారతీయ నాగరిక సురక్షాసంహితలో నిది 45వ సెక్షను. పాత కోడులో 48వది. లైసెన్సు మఱచిన వానిని ఈ సెక్షను పేర ఎల్ల దాటి తఱుముట కుదరదు. త్రాగి తోలినవాడు, ప్రాణాపాయకరముగ తోలినవాడు వేఱు. అట్టివారిని తన యెదుట నేరము చేసినచో యూనిఫారములోని అధికారి వారంటు లేకయే పట్టవచ్చునని మోటారుచట్టము 202వ సెక్షను చెప్పుచున్నది. పట్టిన పిమ్మట ప్రయాణకాలము పోను 24 గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయును.

హద్దు తప్పినందున కేసు దానంతట కొట్టుడు పోవునని యెవరైన చెప్పినచో నమ్మరాదు. పూరన్‌మల్ కేసులో 1973లో సుప్రీముకోర్టు, సోదా చట్టవిరుద్ధమైనంతమాత్రాన దానివలన దొరికిన సాక్ష్యము పనికిరాకపోదని తీర్పు చెప్పినది. కావున రోడ్డుమీద హద్దుల తగవు పెట్టుకొని గెలుచునది లేదు, పోవునది కాయ.

అట్లని హద్దులోపల పోలీసువారు ఏమి చేసినను చెల్లు నను మాటయు లేదు. 2021 మే నెలలో కరోనా రోగులతో ఆంధ్రదేశమునుండి హైదరాబాదుకు పోవు అంబులెన్సులను పుల్లూరువద్దను, రామాపురమువద్దను తెలంగాణా పోలీసువారు నిలిపివేసిరి. నిలిపినది తమ రాష్ట్రపు నేలమీదనే. అయినను ఆ నెల 14వ తేదీన తెలంగాణా హైకోర్టు ఆ యుత్తరువును ఆపివేసినది.

మా సభ్యుడు, అర్జీ పెట్టవచ్చునా యని మఱల అడిగెను. బండి నాపినందుకును, లైసెన్సు అడిగినందుకును పెట్టనక్కఱలేదు. ఏ సెక్షను క్రింద బండిని రాత్రియంతయు పట్టియుంచిరో కాగితముమీద తెలుపనందుకు పెట్టవచ్చునని చెప్పితిమి. అధికారి పేరు చొక్కామీద నుండెను గాని చీకటిలో ఈయన చదువుకొనలేదు. తేదీ, గంట, స్థలము, బండి నంబరు వ్రాసి జిల్లా పోలీసు సూపరింటెండెంటుగారికి రిజిస్టరు టపాలో పంపించితిమి. జవాబు ఇంకను రాలేదు. రెండవకోత కాయ కళ్లములో ఎండుచున్నది. ఈసారి పట్టాలు రెండు తీసికొనుమని చెప్పియున్నాము.